చీటీలో ఐదో మందు

కుందూ ఒడ్డున నల్లరేగడి ఊరొకటి. శనగ కోతలకు పోయి పొట్ట పోసుకునే పెద్దాయన ఒకాయన అక్కడుండేవాడు. మోకాళ్ల నొప్పులు, నీరసం పట్టుకుంటే ఒకరోజు కూలి మానుకొని, మూడు వందలు పంచె కొసకు ముడేసుకొని, బస్సెక్కి టౌనుకు వచ్చినాడు.

డాక్టరు మంచివాడే. వరండా నిండా జనం ఉన్నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసినాడు. 180 మీద 110. "బీపీ చానా ఉంది పెద్దాయనా, మాత్ర వాడాల" అన్నాడు. పెద్దాయన లేవలేదు. "బలానికి గూడా ఏమన్నా రాయి సారూ, ఇంత దూరం నుంచి వచ్చినా" అన్నాడు. డాక్టరు రాసినాడు. నొప్పికి రెండు మందులు కలిపిన మాత్ర, దానికి కడుపు మండకుండా ఇంకో మాత్ర, విటమిన్ గుళికలు, టానిక్ సీసా, అన్నిటికంటే అడుగున ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు.

మెడికల్ షాపులో లెక్కేస్తే ఐదు వందలు దాటింది.

"మూడు వందలే ఉండాయబ్బా."

"అయితే ఏవి ఇమ్మంటావు పెద్దాయనా?"

పెద్దాయన రోంతసేపు ఆలోచించినాడు. నొప్పికి ఏదని అడిగి ఆ అట్ట పక్కన పెట్టుకున్నాడు. బలానికి ఏదని అడిగి గుళికలు, సీసా పెట్టుకున్నాడు. మిగిలినవాటిలో ఆ చిన్న తెల్లమాత్ర దేనికన్నాడు. బీపీకన్నాడు షాపతను.

"బీపీ నాకేం నొప్పి పెట్టడం లేదు గదా. దాన్ని మళ్లొచ్చినప్పుడు తీసుకుంటాలే."

ఐదింట్లోకీ చవకది ఆ తెల్లమాత్రే.

నెల తిరక్కముందే ఒక తెల్లవారుజామున ఆయన కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినాయి. మాట తడబడింది. కోడలు ఆటోలో వేసుకొని అదే డాక్టరు దగ్గరికి తెచ్చింది. "బీపీ మాత్ర వేసుకుంటున్నాడా?" అని అడిగినాడాయన. ఆమె చేతిసంచి బల్లమీద బోర్లించింది. ఖాళీ టానిక్ సీసా, ఖాళీ గుళికల అట్టలు, సగం వాడిన నొప్పి మాత్రలు. మడతలు పడిన చీటీ.

"నేను రాసినా కదమ్మా" అన్నాడు డాక్టరు.

"ఐదూ రాసినారు సార్. ఐదూ ఒకే మాదిరి రాసినారు. ప్రాణం దేంట్లో ఉందో మాకెట్ల తెలుస్తాది?"

డాక్టరు దగ్గర జవాబు లేదు. అంబులెన్సు పిలిచి పెద్దాయన్ను కర్నూలు పెద్దాసుపత్రికి పంపించినాడు. ఆ తర్వాత ఆయన రాత మారింది. ప్రాణానికి కావాల్సిన మందు మొదటి వరసలో రాసి, చుట్టూ గుండ్రం గీసి, ఎందుకు మానకూడదో నోటితో చెప్పేవాడు. ఉత్త బలం మందులు రాయడం మానుకున్నాడు. "ఇంతేనా సారూ?" అని చాలామంది మొగం చిన్నబుచ్చుకున్నారు. కొందరు పక్కవీధి డాక్టరు దగ్గరికి పోయినారు. ఆయన మాత్రం మళ్లీ పాతదారికి పోలేదు.

నీతి: చీటీలో చేరిన ప్రతి అక్కర్లేని మందూ అక్కరున్న మందును పేదవాడి సంచిలోంచి బయటికి నెడుతుంది.

ఈ నీతి కొత్తదేం కాదు. దేశాలు ఎప్పుడో గుర్తించాయి. మన దగ్గర జైసుఖ్‌లాల్ హాథీ కమిటీ 1975లోనే దేశానికి ఏ మందులు ముఖ్యమో తేల్చుకోవాలని, బ్రాండ్ పేర్లు వదిలి అసలు పేర్లకు మారాలని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి అత్యావశ్యక మందుల జాబితా 1977లో వచ్చింది. భారతదేశం తన జాబితాను 1996లో తెచ్చింది. ఇప్పుడున్నది 2022 సెప్టెంబరులో విడుదలైంది, అందులో 384 మందులున్నాయి. పెద్దాయన వదిలేసిన ఆమ్లోడిపిన్ ఆ జాబితాలో ఉంది. ఆయన కొన్న టానిక్ లేదు, రకరకాల విటమిన్లు కలిపిన గుళికలూ లేవు. నొప్పి మాత్రల్లో పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఉన్నాయి. మన మెడికల్ షాపుల్లో తెగ అమ్ముడుపోయే ఎసిక్లోఫెనాక్ లేదు.

మరి జాబితా ఉండగా చీటీ ఎందుకు దారి తప్పుతోంది? తప్పంతా డాక్టరు మీద వేస్తే అన్యాయం. రోగి అడుగుతాడు, కంపెనీ మనిషి రోజూ వచ్చి కూర్చుంటాడు, చేతిలో ఉన్నది రెండు నిమిషాలు. వీటన్నిటికంటే బలమైనది ధరల లెక్క. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం జాబితాలోని మందులకు ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టేస్తుంది. జాబితా బయట ఉన్నదాన్ని చాలావరకు కంపెనీ తనకు నచ్చిన ధరకు బజారులో పెట్టవచ్చు, ఏడాదికి పది శాతం దాకా పెంచుకోవచ్చు. అందుకని జాబితాలోని మందుకు ఇంకోటి కలిపి కొత్త పేరు పెట్టి అమ్మడం లాభసాటి అయింది. మందుల మిశ్రమాలు 344 రకాలను కేంద్రం 2016 మార్చిలో నిషేధించింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2018 సెప్టెంబరులో 328 రకాలను, 2024 ఆగస్టులో మరో 156 రకాలను మళ్లీ నిషేధించాల్సి వచ్చింది.

మన సీమలో ఇంకో అలవాటుంది. జ్వరమొచ్చినా, ఎండదెబ్బ తగిలినా గ్లూకోజు ఎక్కించమంటాం. ఐదు శాతం గ్లూకోజు అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. నోటితో తాగగలిగినవాడికి జాబితాలో ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్ చాలు. ఆ సీసాకు పెట్టిన డబ్బుతో ఇంటిల్లిపాదికీ కొన్ని రోజులు కోడిగుడ్లు వస్తాయి. ఈ మాట డాక్టరు చెబితేనే జనం నమ్ముతారు.

జాబితా దాటి రాయకూడదని కాదు. అరుదైన జబ్బులుంటాయి, ఒంటికి పడని మందులుంటాయి. అప్పుడు దాటాల్సిందే, ఎందుకు దాటామో చెప్పగలిగితే చాలు.

చీటీలను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే ఐదు కొలతలిచ్చింది. సగటున ఎన్ని మందులు రాస్తున్నారు, వాటిలో ఎన్ని అసలు పేర్లతో ఉన్నాయి, ఎంతమందికి యాంటీబయోటిక్ ఇస్తున్నారు, ఎంతమందికి సూది వేస్తున్నారు, రాసినవాటిలో ఎన్ని జాబితాలోవి. కష్టమైన లెక్కలేం కావు. కర్నూలు మెడికల్ కాలేజీలో, కడప రిమ్స్‌లో ఫార్మకాలజీ విభాగాలున్నాయి. చీటీని తప్పొప్పులతో తనిఖీ చేయడం ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ఉన్న పనే. అక్కడ చదివే పిల్లలను ప్రైవేటు క్లినిక్కుల బయట, పీహెచ్‌సీల బయట కూర్చోబెట్టి, రోగి పేరు లేకుండా చీటీలు రాసుకోమనాలి. ఏటా జిల్లాలవారీగా ఆ ఐదు అంకెలూ పేపర్లో వేయాలి. ఇంకో అంకె కూడా కలపమని నా మనవి: రాసిన మందుల్లో రోగి నిజంగా కొన్నవి ఎన్ని, వదిలేసినవి ఏవి.