రెండు నవ్వులు



నవ్వుట మంచిదా, పాపమా? కొందరు భక్తులు నవ్వును లోకసంబంధమైనదిగా ఎంచి గుడి వాకిటనే విడిచి వత్తురు. అయితే శారా తన వృద్ధాప్యమందు కన్న కుమారుని పేరునకు అర్థమే నవ్వు. వాగ్దానము నెరవేరిన ఇంట నవ్వు పుట్టెను. యాయీరు ఇంటనైతే వేరొక నవ్వు వినబడెను. ప్రభువు ఆ ఇంటికి వచ్చినప్పుడు అక్కడి జనులు ఆయనను ఎగతాళి చేసిరి. ఆయన వారిని ముందు వెలుపలికి పంపి, ఆ తరువాతనే చిన్నదానిని లేపెను. కాబట్టి నవ్వులు రెండు గలవు. ఒకటి దేవుని ఇంట పుట్టినది; మరియొకటి ఆ ఇంటినుండి బయటికి పోవలసినది. మతి చెదరిన మన సహోదరులను గూర్చి మనము నవ్వుచున్నది వీటిలో ఏ నవ్వు?

క్రిస్మసు నాటికలను తలంచుకొనుడి. వాటిలో తరచుగా ఒక పిచ్చివాని వేషము ఉండును. చింపిరి జుట్టుతో, చిరిగిన చొక్కాతో అతడు పందిటిలోనికి రాగానే పిల్లలు, పెద్దలు పకపక నవ్వుదురు. ఆ జనములో అటువంటి బిడ్డగల తల్లి యొకతె చాపమీద కూర్చుండియున్నయెడల ఆమె ఏమి చేయును? ఆ రాత్రి ఆమె ఇంటికి తీసికొనిపోవునది రక్షకుని జన్మవార్త కాదు, సిగ్గు. మరునాడు ఎవరైన ఆమెను చూచి, "మీ అబ్బాయికి ఎట్లా ఉందమ్మా?" అని అడిగినను ఆమె నిజము చెప్పదు.

పిచ్చివాడను పేరు మన ప్రభువునకు క్రొత్త కాదు. ఆయనకు మతి తప్పినదని తలంచి సొంతవారే ఆయనను పట్టుకొనుటకు బయలుదేరిరని మార్కు సువార్త 3వ అధ్యాయమువలన తెలిసికొందుము. ఫేస్తు అధిపతి నిండు సభలో పౌలుమీదను అదే నింద మోపెను. ఆ నింద మోసినవానిని ఆరాధించుచు, అదే మాటను రాయిగాచేసి పొరుగువానిపై రువ్వుట మనకు తగునా?

ఈ సిగ్గు ఎంత దూరము పోవునో వినుడి. సిగ్గుపడిన ఇల్లు రోగిని దాచును. దాచిన ఇల్లు కొన్నాళ్లకు కట్టివేయును. 2001వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకొనెను. గొలుసులతో కట్టబడియుండుటచేత తప్పించుకొనలేక 28 మంది ప్రాణములు కోల్పోయిరి. రోగిని గొలుసులతో కట్టరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము శాసించుచున్నది. అయితే చట్టము ఇనుప గొలుసును విప్పగలదు గాని, మన నాలుకతో వేయు గొలుసును విప్పలేదు.

లండను నగరమున 1247లో బేత్లెహేము పేరట ఒక మఠము స్థాపింపబడెను. కాలక్రమమున అది మతి చెదరినవారి ఆసుపత్రి ఆయెను. పట్టణస్థులు వినోదమునకై వచ్చి అందలి రోగులను చూచి నవ్వి పోవుచుండిరి. 1770లోగాని ఆ వాడుకకు అడ్డుకట్ట పడలేదు. రక్షకుడు పుట్టిన ఊరి పేరే ఆంగ్లేయుల నోట నలిగి, గందరగోళమునకు మారుపేరాయెను. బయటికి పోవలసిన నవ్వు ఇదియే.

ఇటలీ దేశమందలి త్రియెస్తే పట్టణములో మరియొక నవ్వు వినబడెను. అక్కడి మానసిక ఆసుపత్రిలో బట్టలబండి లాగుచుండిన మార్కో అను గుఱ్ఱము ముసలిదైనప్పుడు దానిని వధకు పంపదలచిరి. రోగులు అధికారులకు అర్జీ వ్రాసి దానిని కాపాడిరి. 1973లో ఫ్రాంకో బజాల్య అను వైద్యుని ప్రోత్సాహముతో రోగులు, పనివారు, నాటక కళాకారులు కలిసి కర్రతోను కాగితపు గుజ్జుతోను ఒక పెద్ద నీలిగుఱ్ఱమును చేసిరి. రోగులు తమ కోరికలను దాని కడుపులో ఉంచిరి. తీరా ఊరేగించబోగా అది గుమ్మము పట్టలేదు! గుమ్మమునే పగులగొట్టి, దానితోకూడ అందరు వీధులలోనికి వచ్చిరి. 1978లో ఇటలీ ప్రభుత్వము అటువంటి ఆసుపత్రులలో క్రొత్తవారిని చేర్చుకొనుట మాని, వాటిని క్రమముగా మూయుటకు చట్టము చేసెను.

చదువరీ, భేదము గమనించితివా? లండనులో రోగి చూపుడు వస్తువు. త్రియెస్తేలో రోగియే ఆట ఆడించినవాడు. ఒకచోట నవ్వు రోగిమీద పడెను. మరియొకచోట గోడమీద పడెను.

ప్రభువు హాస్యమును ఇట్టిదే. తన కంటిలో దూలము పెట్టుకొని పొరుగువాని కంటిలోని నలుసు తీయబోవు మనుష్యుని తలంచుకొనుడి, నవ్వు రాదా? ఆ నవ్వు గ్రుడ్డివానిమీద పడలేదు, గర్విష్ఠునిమీద పడెను. నాతాను ప్రవక్త దావీదును నేరుగా గద్దింపక ఒక కథ చెప్పెను. రాజు కథలోని ధనవంతునిమీద మండిపడి, ఆ ధనవంతుడు తానేయని ఆలస్యముగా తెలిసికొనెను. మంచి నాటిక చేయు పని ఇదియే. ప్రసంగము వచ్చుచున్నదని తెలిసి గడియ వేసికొనిన హృదయము, కథ వచ్చినప్పుడు తలుపు తెరచును.

కాబట్టి యౌవనస్థులారా, నాటికలు మానవద్దు, వేషము మార్చుడి. రోగి వెఱ్ఱిమాటలకు బదులు మన వెఱ్ఱిమాటలు ఆడించుడి. ఒకడు తాయెత్తు తెచ్చును. మరియొకడు, "పెళ్లి చేస్తే అదే కుదురుతుంది లెండి" అనును. ఒక పెద్దమనిషి తన షుగరు మాత్ర మ్రింగుచు, "విశ్వాసమున్నవాడికి మందులెందుకు?" అని అడుగును. జనులు నవ్వుదురు, నవ్వుచునే తమ్మును తాము గుర్తుపట్టుదురు. అయితే ఒక నియమము మరువవద్దు. ఏ ఇంటివారి కథనైనను వారి అనుమతిలేక ఆడరాదు. కోలుకొనినవారు తమంతట తాము చెప్పుకొనగోరినచో వారినే ముందు నిలుపుడి.

"అయ్యగారూ, ఇది దయ్యము పని కాదా?" అని కొందరు అడుగుదురు. మత్తయి తన సువార్త 4వ అధ్యాయములో దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను వేరువేరుగా పేర్కొనెను. చావగోరి చెట్టుక్రింద పడుకొనిన ఏలీయాను దేవుడు గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును ఇప్పించెను. ప్రార్థించుడి, వైద్యునియొద్దకును తీసికొనిపొండి. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసినయెడల తెలుగులోనే మాటలాడవచ్చును. నాటిక మందు కాదు. మందుకొరకు బయలుదేరు కుటుంబమునకు అడ్డముగానున్న సిగ్గును తొలగించుటయే దాని పని.

గెరాసేనుల దేశమందు సమాధులలో తిరిగినవానిని ఊరివారు గొలుసులతో కట్టిరి. ప్రభువు వానిని బాగుచేసి, తనవెంట రానియ్యక, వాని ఇంటివారియొద్దకే పంపెను. వాడు ఆ ఊరి వీధిలోనికి తిరిగివచ్చినప్పుడు జనులు ఎట్లు నవ్విరో సువార్తికుడు వ్రాయలేదు. మన వీధిలోనికి వచ్చువాని విషయములో ఆ మాట వ్రాయవలసినది మనమే.