అడుగవలసినదెవరు?

చుట్టములెదుట పిల్లవానిని మెచ్చుకొనుటకు మనము తరచుగా వాడెడి మాట యొకటి కలదు: "వాడు నోరెత్తడు, చాల బుద్ధిమంతుడు." ఈ మెప్పులో ప్రమాదము దాగియున్నది. రాత్రులు నిద్రపట్టక, అన్నము సయింపక, నిన్నటి స్నేహితులను నేడు తప్పించుకొని తిరుగు పిల్లవాడును నోరెత్తడు. వినయము, విషాదము బయటికి ఒకే తీరున కనిపించును.

మానసిక రుగ్మతలలో సుమారు మూడవ వంతు 14 ఏండ్లలోపున, సగము 18 ఏండ్లలోపున పొడసూపునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సరిగా ఆ వయస్సుననే పలమనేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి ప్రాంతముల పల్లెల నుండి పిల్లలను తెచ్చి తిరుపతి హాస్టళ్లలో విడిచిపోవుచున్నాము. వారమునకొక ఫోను, అందు మొదటి ప్రశ్న మార్కులను గూర్చి. తన దిగులును చెప్పుకొనుటకు పిల్లవానికి మనము చోటెక్కడ నిచ్చితిమి? కల్యాణమున అనుభవ మంటపములో అన్ని కాయకములవారును నోరు విప్పిరని గర్వముగా చెప్పుకొందుము. మన ఇంటిలో పదునారేండ్లవాని మాటకు అంతటి పీట కలదా?

"మేము ఆకలికి ఓర్చితిమి, ఏ వైద్యుని యొద్దకు పోయితిమి?" అను పెద్దలున్నారు. వారి ఓర్పు గొప్పదే. కాని ఓర్పు వేరు, రోగము వేరు. ఈ సంగతి మన సీమవారికి తెలియనిది కాదు. ఒకప్పుడు క్షయను వంశమునకు మచ్చగా తలచి, ఆడపిల్లల పెండ్లిండ్లు చెడునని దాచెడివారు, దాచినకొలది ముదిరెడిది. 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయ చికిత్సాలయము వెలసిన పిదప, దగ్గు సిగ్గుపడవలసినది కాదని మెల్లమెల్లగా నేర్చుకొంటిమి. మనసు విషయమున ఆ పాఠమును మరల మొదటినుండి చదువుచున్నాము.

చట్టము మనకంటె ముందు నడచినది. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లే భావించి శిక్షింపక ఆదుకొనవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పినది. విశాఖపట్టణమున చదువుకొనుచుండిన యొక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు నిచ్చుచు, నూరుగురు, అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హత గల మానసిక సలహాదారును నియమించుకొనవలెనని, కోచింగు కేంద్రములు మార్కులను బట్టి పిల్లలను వేరువేరు తరగతులుగా విడదీసి పదుగురిలో చిన్నబుచ్చరాదని ఆదేశించినది. హాస్టలులో చేర్చునప్పుడు ఫీజును గూర్చి అడిగెడి తండ్రి, ఆ సలహాదారు ఎవరని కూడ అడుగవచ్చును.

కోర్టు ఇంటిలోనికి రాలేదు. కుంగినవాడు తానై వచ్చి చెప్పునని కాచుకొనుట న్యాయము కాదు. చెప్పెడి శక్తినే ఆ వ్యాధి హరించును. కావున మొదటి మాట పెద్దలదే. "నీకేమి తక్కువ చేసితిమి?" అనునది ప్రశ్న కాదు, నేరారోపణ. ప్రక్కన కూర్చుండి, "ఎట్లుండావు నాయనా, నిద్ర పడుతుండాదా?" అని మన యాసలో అడిగి, వాడు చెప్పునంతవరకు ఊరకుండుట మేలు. చావు తలంపు కలుగుచున్నదా యని సూటిగా అడిగిన ఆ తలంపు పుట్టునను భయము నిరాధారము. ఔనన్నచో వానిని ఒంటరిగా విడువరాదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. 14416 అను ఉచిత ఫోనులో రేయింబవళ్లు తెలుగులోను మాటాడవచ్చును.

ఇట్టి పిల్లలను తల్లులు ముందుగా మఠమునకే తోడ్కొనివచ్చుట కద్దు. విభూతి నిచ్చిన స్వాములే "రేపు రుయాకు పోయి రండి" అన్నచో ఆ తల్లికి ఇరుగుపొరుగుల భయము సగము తీరును.