వర్షమను మాటకు రెండర్థములు

వర్షమను మాటకు నిఘంటువు వానయనియు, సంవత్సరమనియు రెండర్థములు చెప్పుచున్నది. చిన్ననాడు గోదావరి కాలువ గట్టుననున్న మా యూరి బడిలో ఆ రెండింటిని వరుసగా అప్పగించి మాస్టారిచేత మెప్పు పొందిన నేను, వానకును ఏటికిని ఈ చుట్టఱికమెట్లు కుదిరినదని యొక్కనాడైనను అడిగి యెఱుగను. అడుగవలసిన పనియు లేకపోయెను. మృగశిర కార్తె ప్రవేశించుటయు, చూరు నీళ్ళు వాకిట గుంటలు త్రవ్వుటయు, ఆ గుంటలలో మేము కాగితపు పడవలు విడుచుటయు, క్రొత్త పుస్తకముల అట్టలు తడిసి యుబ్బుటయు, ఇవన్నియు కలసియే మాకు ఏడాది యనిపించుకొనెడివి. వాన లేని యేడు ఒకటి యుండవచ్చుననియు, అట్టివి పదునొకండు వరుసగా నా పాలబడుననియు, 1994 లో దోహా విమానాశ్రయమున దిగి ఆ వేడిగాలి ముఖమునకు తగిలిన క్షణమునగూడ నాకు తోపలేదు.

ఖతర్ దేశమున ఏడాది మొత్తమునకు పడు వాన సగటున 75 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. మా డెల్టాలో ఒక ముసురు రాత్రి కురిసి, తెల్లవాఱి ఎవ్వరును దానిమాట ఎత్తని వాన అది. ఆ కొంచెమును చలికాలపు దినములు కొన్నింటిలో రాలిపోగా, తక్కిన యేడంతయు ఆకాశము తుడిచిన పలకవలె నుండును. కొళాయిలో వచ్చునది సముద్రపు నీరే. రాస్ అబూ ఫంతాస్ వంటి చోట్ల దాని ఉప్పు విడిపించి ఊరందఱకును త్రాగించుచున్నారు. సెలవు మీద ఇంటికి పోయినపుడైనను వాన చూడవచ్చును గదా యందురేమో. నేను లెక్కలు వ్రాయు కచేరిలో జూలై, ఆగస్టు మాసముల సెలవులు బడి పిల్లలుగల సంసారులవి. వారి బల్లల మీది పనికూడ నెత్తిన వేసికొని, సంక్రాంతికి బయలుదేఱు భాగ్యము బ్రహ్మచారులది. పెండ్లియైన పిమ్మటను, పిల్లవానికి బడికి పోవు ఈడు వచ్చువఱకును, నాకు ఆ యేర్పాటే సాగెను. అట్లు పదునొకండేండ్లు భోగిమంటలను చూచితిని, గొబ్బెమ్మలను చూచితిని. ఆషాఢ మేఘమును మాత్రము చూడనైతిని. సంవత్సరములు గడచినవి, వర్షములు గడువలేదు.

ఆ కఱవులో నాకు దక్కినవి పాటలు. పెట్టెలో బట్టల నడుమ పదిలముగా చుట్టి తెచ్చికొన్న క్యాసెట్లు పండ్రెండో పదమూడో యుండెను. నజ్మా వీథిలో నలుగురము కలసి యద్దెకున్న గదిలో, ఎసి హోరునకు పైచేయి కాకుండ స్వరము పెంచి, శుక్రవారపు మధ్యాహ్నములు వానినే త్రిప్పి త్రిప్పి వింటిని. వానపాటలను ఏఱి యొక వరుసగా వినుట వాన దండిగా పడు దేశమున ఎవ్వరికిని తోచు పని కాదు. ఎండిన దేశమున అదియొక వ్యసనమైనది. అట్లు వినగా వినగా నాకు వింతయైన సంగతియొకటి కనబడెను. 1951 లో బి.ఎన్. రెడ్డిగారి మల్లీశ్వరిలో, కృష్ణశాస్త్రిగారు వ్రాయగా సాలూరి రాజేశ్వరరావుగారు కట్టిన పాటలో, భానుమతియు ఘంటసాలయు పిలిచిన మేఘమాల ఇంకను ఆకాశమునందే యున్నది. దానిని తడియుటకు పిలువలేదు, కబురు మోయుటకు పిలిచినారు. నాలుగేండ్లకు, రోజులు మారాయిలో, కొసరాజుగారి యేరువాక పాటతో అది పొలములోనికి దిగినది. మాస్టర్ వేణు బాణికి జిక్కి పాడగా వహీదా రెహమాన్ ఆడిన ఆ పాట ఎంత బలమైనదనగా, అయిదేండ్లలో దాని వరుస బొంబాయి చేరి సచిన్ దేవ్ బర్మన్ గారి చేతులలో హిందీ పాటయైనది. 1964 లో ఆత్మబలము వచ్చునప్పటికి ఆత్రేయగారి చినుకులు దుక్కిని విడిచి, ఇరువురు ప్రేమికులకు చాటు కల్పించు పనికి కుదిరినవి. 1968 నాటి భాగ్యచక్రములో పింగళివారు ఇంకొక యడుగు ముందుకు వేసి, ఈ వాన కాదు, పూలవాన కావలెనని సుశీలగారిచేత అడిగించిరి. వానను వలదని కోరుట వానకు మొగము వాచినవారికి సాధ్యమా? అది నిండు చెరువుల దేశము పాడిన పాట. ఇక 1979 లో వేటగాడు వచ్చినప్పుడు, వేటూరిగారి చమత్కారమునకు లోటు లేకపోయినను, వాన పూర్తిగా నాయిక కుచ్చెళ్ళ చెంగుల పాలైనది. ఇరువది యెనిమిదేండ్లలో మబ్బునుండి మడికిని, మడినుండి చెట్టు నీడకును, అచటినుండి చీరకును దిగిన యీ వాన చరిత్రను ఎవరైన పండితుడు వ్రాసినచో, దానిని పతనమనునో పరిణామమనునో నేనెఱుగను. నాకు మాత్రము ఆ చివరి మెట్టు దగ్గఱ క్యాసెట్టు త్రిప్పివేయుట అలవాటయ్యెను.

ఈ వానలలో ఒక్కటియు నిజమైన వాన కాదను సంగతియు ఆ గదిలోనే నాకు తట్టినది. మంచినీటికి కటకటపడు మద్రాసు నగరమున, గొట్టములకు బెజ్జములు పొడిచి, దీపముల వెలుగులో కురిపించిన వాన అది. పాడినవారు తడియలేదు; గాలి చొరని గదిలో, మైకు ముందర, పొడి బట్టలతో నిలిచి పాడినారు. పాట పుట్టిన చోటనే వాన లేనప్పుడు, పాట వినుచున్న చోట లేకపోవుట యొక లోటుగా నేనెందుకు గణింపవలెను? బహుశః వాన లేని చోటికే వానపాట ఎక్కువగా చెందునేమో యని, కొంత కడుపుమంటతోను కొంత గర్వముతోను, అనుకొంటిని.

1982 లో వచ్చిన మేఘసందేశము విన్నప్పుడు ఈ యూహ బలపడెను. దాసరి నారాయణరావుగారి చిత్రము, రమేశ్ నాయుడుగారి సంగీతము. ఆ చిత్రమునకే రమేశ్ నాయుడుగారును, ఏసుదాసుగారును, సుశీలగారును జాతీయ పురస్కారములు పొందిరి. ముప్పదియేండ్లకు మేఘము మరల దూతయైనది. ఆ క్యాసెట్టు పెట్టిననాడు, మీది మంచముపై పడుకొనియున్న త్రిశ్శూరు మిత్రుడు, తెలుగు ముక్క రానివాడు, చివాలున లేచి "ఇది మా దాసేట్టన్ గొంతు" అని, పాట మొత్తము తనదే యైనట్లు తల యూపుచు వినెను. కాళిదాసుని యక్షుడు మేఘము నడిగినదేమి? తనపై కురియుమని కాదు, తన్ను దాటి పొమ్మని. శాపకాలమును చెప్పుటకు ఆ కవి వాడినది వర్షశబ్దమే. ఏడాది పాటు అనుభవింపవలసిన శాపము. మా ఒప్పందములు రెండేసి యేండ్లవి, అనగా యక్షుని శిక్షకు రెట్టింపు. పైగా రామగిరిమీద అతనికి దూతగా ఒక మేఘమైనను దొరకినది. నజ్మాలో నాకు దొరకిన దూత ఊరికి పోయివచ్చు తోటివాని సంచి.

ఫోనులో నిముషమునకు రియాళ్ళు ధారాళముగా కరగు ఆ రోజులలో, ఇంటివారు క్యాసెట్టులో మాటలు నింపి పంపుట వాడుక. 1996 శ్రావణమున మా యమ్మ అట్లొకటి పంపెను. చుట్టాల క్షేమములును, పాడిగేదె సంగతియు చెప్పి, నడుమ, "వాన పెద్దదయిందిరా నాన్నా, నా మాట నీకు వినపడుతుందో లేదో, తగ్గాక చెబుతానుండు" అని యూరకుండెను. మాట ఆపవలెనని ఆమెకు తెలిసినది కాని, యంత్రము నాపవలెనని తెలియదు. ఆ ప్రక్క ముగియువఱకు వాన ఒక్కటే. పెంకులపై ఒక ధ్వని, చూరునుండి గుంటలో పడునది మఱియొకటి, కారుచున్నచోట ఎవరో పెట్టిన ఇత్తడి గిన్నెలో చినుకు పడునది వేఱొకటి. గిన్నె నిండుకొలది ఆ గణగణ మందగించి మెల్లగా టపటపగా మాఱుటకూడ వినబడెను. త్రిశ్శూరు మిత్రుడు పుస్తకము మూసి, "మళా?" అనెను, వారి భాషలో వానకు పేరది. తలయూపితిని. పిమ్మట గదిలో ఎవ్వరును మాటాడలేదు. ఎవడో లేచి ఎసి ఆపివేసెను, ఆగస్టులో.

పాటలో వాన మాటకు దారి యిచ్చి ప్రక్కకు తొలగును. తబలా వెనుక ఒదిగి, పల్లవికిని చరణమునకును నడుమ రెండు చినుకులు రాల్చి, మరల వినయముగా వెనుకకు పోవును. ఇచటనో, మాటయే వానకు దారి యిచ్చి తప్పుకొన్నది. ఈ వాన ఎవరి ప్రేమకొఱకును, ఎవరి విరహముకొఱకును కురియుట లేదు. మా యమ్మ దానిని గొడవయనుకొన్నది, అంతే. నాకు కవి లేని ఆ వానయే ఎక్కువ కావలసినదై, కొంతకాలము పాటల క్యాసెట్లు ముట్టనైతిని. అదియు నిలువలేదు; విని విని ఆ టేపు యంత్రములో చుట్టుకొని నలిగినది, నేను మరల ఘంటసాలకు వచ్చితిని.

ఏటికిని వానకును గల చుట్టఱికమును నాకు చివరకు ఎఱుకపఱచినవాడు మా కచేరిలోని సూడాను దేశపు పెద్ద గుమాస్తా. అరబ్బీలో ఏటికి "సన" యని పేరు. కఱవుకును పూర్వులు ఆ మాటయే వాడిరట. పంటలు పండిన మంచి యేటికి "ఆమ్" అను వేఱొక మాట గలదని ఆయన చెప్పెను. మనవారు ఏండ్లను వానలతో లెక్కించిరి. ఎడారివారికి ఏడనినంతనే ఎండిన యేడు ముందుగా మనసున మెదలెను గాబోలు. అక్టోబరు నడుమ మొదలై ఏబది రెండు దినములుండు వాన ఋతువునకు ఇచటివారు "వస్మ్" అని పేరు పెట్టినారు. ముద్ర వేయుట యని దాని యర్థము, ఆ వాన పడినచోట నేలపై పచ్చని ముద్ర తేలును గనుక. ఒంటెకు కాల్చి వేయు ముద్రకును ఆ మాటయే యట. వానను ముద్రయన్న కవి మనలో ఒక్కడును నాకు జ్ఞప్తికి రాడు. అంతటను తడిసిన నేలమీద ముద్ర ఎట్లు కనబడును?

నక్షత్రముల సంగతియు అట్టిదే. ఆగస్టు చివర, తెల్లవాఱుజామున, దక్షిణ దిక్కున సుహైలు పొడసూపెనని ఇచట పత్రికలు వ్రాయును. ఎండ తల వంచినదనియు, ఇక రానున్నది చల్లదనమనియు జనులు సంతోషింతురు. ఆ సుహైలు మన అగస్త్యుడే. అగస్త్యోదయమైనచో మనకు వానలు వెనుకబట్టి, మురికి నీళ్ళు తేటపడునని రఘువంశము చదివినవారెఱుగుదురు. ఒకే చుక్క, ఒక తీరమున వానకు వీడ్కోలు, ఇంకొక తీరమున వానకై యెదురుచూపునకు మొదలు. వానలు రానియేడు అమీరుగారి పిలుపుపై ప్రజలు మైదానములలో చేరి ఇస్తిస్ఖా నమాజు చేయుదురు. నమాజు చదివించువాడు తన పై వస్త్రమును తిరగవేసి కప్పుకొనును, ఈ స్థితియు అట్లే తిరగబడుగాక యని. మా యూర వానలు తప్పిననాడు రామాలయములో విరాటపర్వము చదివించెడివారు. పిల్లలు కప్పను రోకలికి కట్టి ఇంటింట నీళ్ళు పోయించుకొనెడివారు. సినిమా పాటలకంటె ముందునుండి వానపాటలు రెండే తెఱగులు: రమ్మనునవి, దాటి పొమ్మనునవి. వచ్చిన వానను చూచి పాడుట తరువాత నేర్చిన విద్య.

2018 అక్టోబరు 20, శనివారము. ఆనాడు దోహాలో కురిసిన వాన ఇచటి పెద్దలు చాలమంది చూడనిది. అబూ హమూర్ ప్రాంతమున 84 మిల్లీమీటర్లు, అనగా ఏడాది వాన యొక్కనాడే. సొరంగ మార్గములు మూసివేసిరి, అంగళ్ళ కప్పులనుండి నీళ్ళు కారెను, జనులు మోకాలిలోతు నీళ్ళలో నిలిచి ఫోటోలు దిగిరి. నేను బాల్కనీలో కుర్చీ వేసికొని కూర్చుంటిని. ఇరువది నాలుగేండ్లు వానపాటలతో కడుపు నింపుకొన్నవాడనే కాని, ఆ మధ్యాహ్నము ఒక్క పాటయు నా నోటికి రాలేదు. ఇల్లాలు మిరపకాయ బజ్జీలు వేయుదునని పిండి కలుపబోయెను. నేను వినుచుంటిని, అంతే.

సాయంకాలము వీథిలోనికి దిగితిని. మా వీథి మొగదల పెద్ద మడుగు నిలిచినది. మునిసిపాలిటీవారు పంపిన ట్యాంకరు ఒకటి లావుపాటి గొట్టము దానిలో వేసి నీటిని తోడుచుండెను. సముద్రమును కాచి నీళ్ళు చేసికొను దేశము ఆకాశమిచ్చిన నీటిని ట్యాంకర్లకెత్తి ఊరవతలకు పంపుట నేను మొదట చూచినపుడు నవ్వు వచ్చినది. మురుగు కాలువలు వానను లెక్కలోనికి తీసికొని కట్టినవి కావు గనుక, వేఱు దారి లేదు. డ్రైవరు చక్రము ప్రక్క ఎత్తు మీద కూర్చుండి, ఫోను మడుగువైపు త్రిప్పి, "గిది సూడు బిడ్డా, మన చెరువు లెక్క లేదా" అనుచుండెను. అటునుండి చిన్నపిల్ల కిలకిల నవ్వినది.

ఫోను పెట్టినాక, "ఏ ఊరు తమ్ముడూ?" అంటిని.

"జగిత్యాల దిక్కు సార్. మీరు ఆంధ్రోళ్ళా?"

"గోదావరి జిల్లా. వచ్చి ఎన్నాళ్ళయింది?"

అతడు వ్రేళ్ళు మడచి లెక్కించెను. "ఏడు వానకాలాలు పోయినయ్ సార్."

"ఈ నీళ్ళన్నీ ఎక్కడ పోస్తారు?"

"ఏడ పోయమంటే ఆడ పోస్త సార్."

గొట్టము నీటిని వదలి గాలిని పీల్చ మొదలుపెట్టగా పెద్ద చప్పుడాయెను. అతడు లేచి, లుంగీ చుట్టినట్లు ప్యాంటు మోకాళ్ళవఱకు మడచికొని, గొట్టమును లాగికొనుచు మడుగులో లోతైన చోటికి నడచెను.