మోసపోయినవాళ్లదా తప్పు?

"మోసపోవడం తప్పా?" అని పోయిన ఏడాది ఎవరైనా అడిగి ఉంటే, "అవును, తెలివి ఉన్నవాళ్లు మోసపోరు" అని చెప్పేదాన్ని. వైరస్ అంటే ఏమిటి, పాస్‌వర్డ్ ఎట్ల పెట్టుకోవాలి అన్న పాఠం చదివి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడు అట్ల చెప్పలేను. ఎందుకో రాస్తాను.

మాది తిరుత్తణి దగ్గర ఒక ఊరు. నాయన మరమగ్గం నేస్తాడు. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోన్. బ్యాంకు, గ్యాస్, కరెంటు బిల్లు అన్నీ దాంట్లోనే. తై నెలలో ఒక సాయంత్రం మా చిన్నాయన నంబరు నుంచి వాట్సాప్‌లో పెళ్లి పత్రిక వచ్చింది. నొక్కితే బొమ్మ రాలేదు. ఈ యాప్ ప్రమాదం కావచ్చు అని ఫోనే హెచ్చరించింది. చిన్నాయన పంపింది కదా అని సరే నొక్కాను. మెసేజులు చదవడానికి అనుమతి అడిగింది. అదీ ఇచ్చాను. ఏమీ తెరుచుకోలేదు. వదిలేసి చదువుకోవడానికి కూర్చున్నాను.

అది పత్రిక కాదు, పేరు చివర ఏపీకే అని ఉన్న ఒక యాప్. ఫోనుకు వచ్చే ఓటీపీలను చదివి ఎక్కడో ఉన్న దొంగకు చేరవేయడమే దాని పని. చిన్నాయన దాన్ని పంపలేదు. ఆయన కూడా ఎవరో తెలిసినవాళ్ల నంబరు నుంచి వస్తే నొక్కినాడు. ఆ రాత్రి మా ఖాతాలో 11,400 రూపాయలు పోయాయి. నూలుకు పెట్టుకున్న దుడ్డు అది. మా ఫోను నుంచి కూడా అదే పత్రిక బంధువులందరికీ పోయింది.

మరుసటి రోజు నాయన దుడ్డు కట్టబోతే ఖాతాలో లేదు. "పాపా, ఏమన్నా నొక్కినావా?" అని అడిగినాడు. "లేదు నాయనా" అన్నాను. నాకు అప్పటికే అనుమానం ఉంది. క్లాసులో ఫస్టు వచ్చే నేను ఇంత తెలివితక్కువ పని చేశానని ఎట్ల చెప్పేది? నాయన బ్యాంకువాళ్లు ఏదో పొరపాటు చేసినారు అనుకున్నాడు. ఆ రోజు సాయంత్రమే నగరిలో ఉన్న మా పెద్దమ్మ ఆ పత్రికను నొక్కింది. ఆమెవి 3,000 పోయాయి. మూడో రోజు ఏడుస్తా నిజం చెప్పాను. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చేసరికి దుడ్డు చేతులు మారిపోయింది.

అప్పటి నుంచి నేను ఆలోచించేది ఇదే. ఇందులో నా తప్పు ఏది? మొదటి రోజు నొక్కడమా, రెండో రోజు చెప్పకపోవడమా?

నొక్కడం పొరపాటు. హెచ్చరికను చదివి కూడా తోసేశాను కాబట్టి అజాగ్రత్త కూడా. కానీ నాకు చెడు ఉద్దేశం లేదు. "లేదు నాయనా" అన్నది అట్ల కాదు. అది తెలిసి చేసింది. నా పరువు కాపాడుకోవడానికి నేను పెట్టిన ఖర్చు మా పెద్దమ్మ దుడ్డు.

2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సూచనల్లో కూడా ఇలాంటి ఆలోచనే ఉంది. ఖాతాదారుడి అజాగ్రత్త వల్ల దుడ్డు పోతే, బ్యాంకుకు చెప్పేవరకు ఆ నష్టం అతనిదే. చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. అంటే చెప్పడం అనే ఒక్క పనితో బాధ్యత చేతులు మారుతుంది. 1930కి వెంటనే చెప్తే దుడ్డు ఏ ఖాతాలో ఉందో అక్కడే ఆపడానికి వీలు ఉంటుంది. ఆలస్యం అమృతం విషం అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

మోసగాళ్లకు ఇది మనకంటే బాగా తెలుసు. డిజిటల్ అరెస్ట్ అని పోలీసు వేషంలో వీడియో కాల్ చేసేవాళ్లు ముందు చెప్పే మాట "ఎవరికీ చెప్పొద్దు" అనే. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. పక్కింటివాళ్లను ఒక్క మాట అడిగితే ఆ మోసం అక్కడే ఆగిపోతుంది. వాళ్ల బలం కంప్యూటరు మాత్రమే కాదు, మన సిగ్గు కూడా.

మోసపోయేది చదువు లేనివాళ్లే అనుకోవడం కూడా తప్పు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఇంగ్లండులో ఆస్పత్రుల కంప్యూటర్లు ఆగిపోయాయి. మన పక్కన చిత్తూరు జిల్లాతో సహా ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లకు కూడా తగిలింది. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు చాలామంది. ఒక కంప్యూటరులో చేరితే అదే నెట్‌వర్కులో ఉన్న మిగతావాటికి తనంతట తానే పాకింది. కాబట్టి నా ఫోను నా ఇష్టం అనడానికి లేదు. నా గడియ తీసి ఉంటే దొంగ పక్కింటికి కూడా పోతాడు.

అయితే ఎవరినీ నమ్మకూడదా? నా స్నేహితురాలు ఇదే అడిగింది. నేను చిన్నాయనను నమ్మాను అనుకున్నాను. నిజానికి నమ్మింది ఆయన నంబరును. "చిన్నాయనా, పత్రిక పంపినావా?" అని ఒక ఫోన్ చేసి ఉంటే ఆయన నొచ్చుకునేవాడు కాదు, సంతోషించేవాడు. అడగడం అనుమానించడం కాదు. రాత్రి తలుపు గడియ పెట్టుకుంటే వీధిలోవాళ్లను దొంగలు అన్నట్టా?

దొంగను తిట్టడం కూడా అంత సులభం కాదని తర్వాత తెలిసింది. కంప్యూటర్ ఉద్యోగం అని చెప్పి మన తెలుగు యువకులను కంబోడియాకు తీసుకుపోయి, అక్కడ బంధించి, బలవంతంగా ఇలాంటి మోసాలు చేయించిన సంగతి 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. అవతల ఫోన్ పట్టుకున్నవాడు కూడా ఒకప్పుడు నాలాగే నమ్మి నొక్కినవాడు కావచ్చు. అందుకని మోసం ఒప్పు అయిపోదు. దాన్ని నడిపించి లాభం తీసుకునేవాడిదే మొదటి తప్పు.

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ప్లే స్టోర్‌లో తప్ప ఎక్కడా యాప్ వేసుకోము. దుడ్డు రావడానికి పిన్ అక్కరలేదు, కాబట్టి అడిగితే నొక్కము. అప్‌డేట్ వస్తే వాయిదా వేయము. అన్నిటికంటే ముఖ్యమైంది నాయన పెట్టినాడు: ఎవరు ఏం నొక్కినా ఆ రోజే చెప్పాలి, చెప్పినవాళ్లను ఎవరూ తిట్టకూడదు.

అమ్మానాన్నలకు, టీచర్లకు నా మనవి కూడా అదే. "ఇంత చదివి ఇదేనా?" అని మీరు అంటారన్న భయంతోనే నేను రెండు రోజులు దాచాను. పొంగలుకు పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడు ఆమెకు చెప్పుకున్నాను. "నువ్వు ముందే చెప్పుంటే బాగుండునే" అనింది, అంతే. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.