బాలింత గడప: దానమా, ఋణమా?

ఆడుబిడ్డ తొలికాన్పు పుట్టింటనే జరుగవలెనని మన పెద్దలు నిర్ణయించిరి. ఏడవ నెలలో సీమంతము జరిపి, పసుపు కుంకుమలతో ఒడి నింపి, పుట్టింటివారు ఆమెను వెంటబెట్టుకొని పోవుదురు. బిడ్డకు మూడవ నెలయో, ఐదవ నెలయో వచ్చిన పిదప తిరిగి అత్తవారింట దిగబెట్టుదురు. ఇది వట్టి వేడుకయని కొందఱు తలంతురు గాని, ఇందొక సూక్ష్మము కలదు. అత్తవారింట కోడలు తనకు కన్నులు తిరుగుచున్నవని చెప్పుకొనుటకు జంకును. పుట్టింట చెప్పనక్కఱలేదు, తల్లి ముఖము చూచియే గ్రహించును. కాళ్ల వాపును, ఒంటి వేడిని, బిడ్డ పాలు గుడుచు తీరును ప్రొద్దున ఒకమారు, మాపున ఒకమారు ఎవరో యొకరు చూచుచునే యుందురు. పచ్చి బాలింత అడుగదు; చూచువారే తెలిసికొనవలెను. పుట్టింటి కాన్పు అను ఆచారమునకు ప్రాణము ఈ చూపే.

ఈ చూపు కరవైనచోట దానిని ప్రజాధనముతో ఏర్పఱుపవచ్చునా? గర్భిణుల యిండ్లకును, బాలింతల యిండ్లకును శిక్షణ పొందిన నర్సమ్మలను పంపుటకు పన్నుల సొమ్ము వెచ్చించుట ధర్మమా? ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పునకు రుసుము లేదు, బండి ఉచితము, పైగా నగదు కూడ ఇచ్చుచున్నారు. ఇక గడపకు మనిషిని కూడ పంపవలెనా యని మన మిత్రులలోనే కొందఱు అడుగుచుందురు. అడుగదగిన ప్రశ్నయే. కావున కోపింపక విచారింతము.

మొదట మన నగరపు స్థితిని చూడవలెను. తరతరములుగా బెంగుళూరునందు స్థిరపడిన మన కుటుంబములకు బంధువర్గము కలదు. లేనిచో జీతమిచ్చి ఆయాను పెట్టుకొను శక్తి కలదు. కాని మన వీథులలో లేచుచున్న మేడలకు ఇటుకలు మోయుటకు అనంతపురము, కల్యాణదుర్గము, రాయచూరు ప్రాంతములనుండి వచ్చి రేకుల షెడ్లలో కాపురముండువారి మాట యేమి? వారికి పుట్టిల్లు దూరము. పోయిన కూలి పోవును, రానుపోను ఖర్చు మీదబడును. ఒకవేళ పోయినను, అచ్చటి తల్లియు కూలికే పోయియుండును. ఆచారము నిలిచియున్నది గాని దానిని నడుపు మనుష్యులు చెదరిపోయిరి.

కాన్పు ఆసుపత్రిలో జరిగిన చాలదా యని కొందఱందురు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము కర్ణాటకమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. ఇది గొప్ప విజయము. అయినను 2018-20 లెక్కలలో లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు కర్ణాటకమున 69. ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43, కేరళమున 19. ఈ మరణములన్నియు ఇంటివద్దనే సంభవించుచున్నవని నేననను. 2024 నవంబరులో బళ్లారిలో సిజేరియను జరిగిన పిదప బాలింతలు మరణించిన వార్త మనల నందఱిని కలచివైచినది. ఆసుపత్రి దోషములను ఆసుపత్రిలోనే దిద్దవలెను. కాని ఆసుపత్రినుండి పంపివేసిన తోడనే గండము గడచినట్లు కాదు. రక్తస్రావము, పురిటి జ్వరము, రక్తపుపోటువలన వచ్చు మూర్ఛ, ఇవి యింటికి వచ్చిన పిదపను రావచ్చును. పసికందు చల్లబడుట, పాలు పట్టకుండుట మొదటి వారములలోనే జరుగును. ఆ దినములలో వైద్యుడు ప్రక్కన నుండడు. ఉండవలసినది గుర్తుపట్టగల కన్ను.

అట్టి కన్ను ఎంత చేయగలదో చూపిన స్థలము మనకు దూరము కాదు. తెలంగాణపు సరిహద్దున, ప్రాణహిత కావలి యొడ్డున, మహారాష్ట్రమందలి గడ్చిరోలి జిల్లా కలదు. అందు సిరోంచ ప్రాంతమున తెలుగు మాటలాడువారు పెక్కుమంది. ఆ జిల్లాలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు కొద్దిపాటి చదువుగల గ్రామస్త్రీలకు శిక్షణమిచ్చి, 39 గ్రామములలో బాలింతల యిండ్లకు పంపిరి. ఆ స్త్రీలు బిడ్డను తూచిరి, వెచ్చగా నుంచుట నేర్పిరి, రోగలక్షణములు కనిపించిన మందు ఇచ్చిరి. మూడేండ్లలో పురిటిబిడ్డల మరణములు 62 శాతము తగ్గినట్లు 1999లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆ అనుభవమే తరువాత దేశమంతటికిని దారి చూపినది.

పాశ్చాత్య దేశములందును ఇది క్రొత్త కాదు. 1862లో ఇంగ్లండునందు మాంచెస్టరు, సాల్ఫర్డు ప్రాంతమున పేదల యిండ్లకు స్త్రీలను పంపుటతో ఈ సేవ మొదలైనది. అమెరికాలోని ఎల్మైరా పట్టణమున 1970ల చివర డేవిడ్ ఓల్డ్సు అను పండితుడు తొలిచూలు స్త్రీలయొద్దకు నర్సులను పంపి, వారిలో మిక్కిలి దీనస్థితిలో నున్నవారి బిడ్డలకు మేలు కలిగినదని చూపెను. అదే పద్ధతిని ఇంగ్లండులో పరీక్షింపగా 2015లో వెలువడిన ఫలితములలో చెప్పుకోదగిన అదనపు లాభము కానరాలేదు. కారణము విచారింపగా, అచ్చట సామాన్యులందఱికిని ఇంటికి వచ్చు నర్సు ముందే కలదు. అనగా మొదటి దీపము చీకటిని పోగొట్టును. రెండవ దీపపు వెలుగు అంతగా తెలియదు. మన రేకుల షెడ్లలో మొదటి దీపమే యింకను సరిగా వెలుగలేదు.

మన దేశమున ఏర్పాటు లేకపోలేదు. 1990ల దశకమున ప్రపంచ బ్యాంకు ఋణసహాయముతో బెంగుళూరు, హైదరాబాదు మొదలగు నగరముల మురికివాడలలో ఆరోగ్య కేంద్రములు కట్టి, ఆ వాడల స్త్రీలనే ఎన్నుకొని యింటింటికి పంపిరి. 2005లో గ్రామీణారోగ్య ఉద్యమముతో ఆశా కార్యకర్తలు వచ్చిరి. 2013లో అది నగరములకు విస్తరించినది. 2011నుండి గల నియమము ప్రకారము ఆసుపత్రిలో కాన్పైన బాలింతను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో చూడవలెను. నియమము చక్కనిదే. కాని దినమునకొక చోటికి తరలిపోవు కూలి కుటుంబములు ఏ జాబితాలో నుండును?

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పక తప్పదు. 2018లో ఒకనాటి మధ్యాహ్నము మా గేటువద్ద ఒక స్త్రీ సంచి, రిజిస్టరు పట్టుకొని నిలిచి, "ఇల్లి యారాదరూ బాణంతి ఇద్దారా?" అని కన్నడమున అడిగినది. నేను పత్రిక చదువుకొనుచు, "ఎవ్వరును లేరమ్మా" అంటిని. ఆమె పోయినది. మా గోడకు ఆనుకొని కట్టుచున్న మేడవద్ద కావలివాని షెడ్డు కలదు. కావలివాడు మన తెలుగువాడే. అతని భార్య ప్రసవించి అప్పటికి తొమ్మిది దినములు. ఆ సంగతి నేనెఱుగను. మూడవనాటి రాత్రి నా భార్య, "ఏమండీ, ప్రక్కన పసిబిడ్డ ఏడుపు రెండు రోజులుగా వినబడుట లేదు" అన్నది. పోయి చూచి ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోతిమి. బిడ్డ దక్కలేదు. ఆ స్త్రీ వచ్చి చూచియుండిన బిడ్డ దక్కెడిదని నేను చెప్పజాలను; వైద్యులును చెప్పలేదు. నేను బొంకలేదు, నాకు తెలియదు. కాని గోడ ప్రక్కనున్నవాడు తెలియకుండుటయే దోషమని ఆనాడు నాకు తోచినది.

అప్పటినుండి ఈ ప్రశ్నకు నా సమాధానము మాఱినది. పూర్వము ఇరుగుపొరుగు స్త్రీలు ఊరక అడిగెడి ప్రశ్నను ఆ స్త్రీ ఉద్యోగధర్మముగా అడిగినది. మనము అడుగుట మానితిమి గనుక, అడుగుటకు ఒకరిని జీతమిచ్చి నియమించుకొనవలసివచ్చినది. ప్రజాధనమనగా ఇదియే. నేను చేయవలసిన పనిని నా పన్నుతో మఱియొకరిచేత చేయించుట.

ఈ వ్యయమును సమర్థించువారు, ఇప్పుడొక రూపాయి వెచ్చించిన రేపు కొన్ని రూపాయలు మిగులునని లెక్కలు చూపుదురు. ఆ లెక్కలు నిజమైనను నాకు తృప్తి లేదు. లాభము రానినాడు ఆ తల్లిని విడిచిపెట్టుదుమా? కూతురిని తెచ్చుకొన్న పుట్టిల్లు రాబడి చూచుకొనునా? దానమందుమా, దానము ఇచ్చువాని దయ. ఇచ్చిన ఇచ్చెను, లేకున్న లేదు. దీనిని ఋణమనుటయే యుక్తము. శతపథ బ్రాహ్మణము దేవ, ఋషి, పితృ ఋణములతోపాటు మనుష్యఋణమును కూడ పేర్కొని, అది ఆతిథ్యముచేత తీరునన్నది. మన యిండ్లు కట్టుటకు వచ్చినవారు ఈ నగరమున మన అతిథులు గారా? మనలో ప్రతివాడును ఒకనాడు ఎవరో చూచుటచేత బ్రతికిన పసికందే. ఆ బాకీ తీర్చుటకు ఆ చూచినవారు నేడు లేరు. ఇప్పటి పసికందులకే తీర్పవలెను.

నగదు ఇచ్చిన చాలదా యనవచ్చును. కేంద్రము 2017నుండి మాతృవందన పథకమున తొలికాన్పునకు 5,000 రూపాయలు ప్రకటించినది. అదే సంవత్సరము తెలంగాణమున కే.సీ.ఆర్. కిట్టుతో మగబిడ్డకు 12,000, ఆడుబిడ్డకు 13,000 రూపాయలు ఏర్పఱచిరి. ఇవి మెచ్చదగినవే. కాని నోటు నుదుటిపై చేయి వేసి జ్వరము చూడదు. సొమ్ము పంపుట సులభము, మనిషిని పంపుట కష్టము. కష్టమైనదే పుట్టింటి పని.

మఱియొక ఆక్షేపణ గట్టిది. ప్రభుత్వము గడప దాటి లోనికి వచ్చుట ప్రమాదము కాదా? 1975-77 అత్యవసర పరిస్థితి కాలమున కుటుంబనియంత్రణ లక్ష్యములకై ఇండ్లవెంట తిరిగిన ఉద్యోగులను చూచి జనులు భయపడిన సంగతి మఱవరానిది. సంఖ్యల లక్ష్యములను 1996లో గాని విడువలేదు. కావున ఇంటికి వచ్చు నర్సమ్మకు బాలింత క్షేమము తప్ప వేఱొక లెక్క ఉండరాదు. గడపవద్ద నిలిచి అనుమతి అడుగవలెను. వలదన్నచో మరలి, మఱల రావలెను. భయపెట్టు అతిథి అతిథి కాదు.

వచ్చువారి గౌరవము కూడ ధర్మములో భాగమే. మన పూర్వులు మంత్రసానిని అర్ధరాత్రి పిలిపించి, పని తీరిన పిదప మైలయని దూరముగా నిలిపి, చీరయు సోలెడు బియ్యమును పెరటి త్రోవన ఇచ్చిరి. మనము మాఱితిమా? బాలింత యింటికి నలువది రెండు దినములలో చేయు రాకపోకలన్నిటికి కలిపి 2011లో నిర్ణయించిన పారితోషికము 250 రూపాయలు. ఉద్యోగినియని యనక స్వచ్ఛంద సేవిక యని పేరు. 2025 జనవరిలో కర్ణాటకపు ఆశా కార్యకర్తలు మన ఫ్రీడం పార్కులో చలిలో రాత్రింబవళ్లు కూర్చుండి నెలజీతమునకై మొఱపెట్టుకొనిరి. ఋణము తీర్చుచున్నామని చెప్పుచు, ఆ ఋణము మోయుదానికి కూలి ఎగబెట్టుట తగునా?

సంఘసభ్యులకు నా మనవి యొక్కటే. ఈ సేవకు వ్యయమగు ధనమును వృథావ్యయమని తలంపకుడు. అది చాలదని అడుగుడు. సంచి పట్టుకొని రిజిస్టరుతో ఒక స్త్రీ మీ గేటువద్ద నిలిచి బాలింతలున్నారా యని యడిగినప్పుడు, మీ యింటిమాట మాత్రమే చెప్పి పంపకుడు. ఒక నిమిషము నిలువుమని చెప్పి, చెప్పులు వేసికొని ఆమెతో గోడ ప్రక్కదాక నడువుడు.