అటక మీది సకినాలు

సంక్రాంతికి కాటారం వెళితే ఇంటినిండా వాము వాసన, నువ్వుల వాసన. గుడ్డ మీద చుట్లు చుట్లుగా సకినాలు! బాపుకి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి కదా అని, వేగినవి వేగినట్టే డబ్బాలో పోసి అటక ఎక్కించాను. "ఈసారి చెయ్యలేదు బాపూ" అని అబద్ధం కూడా ఆడాను.

"నాకు వాసన గూడ రాదనుకున్నవా బిడ్డా?" అన్నాడు.

నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది.

నా భయం ఉత్తిది కాదండీ. ఆ జబ్బులో ఉప్పు సరిగా బయటికి పోదు. దాహం, ఒంట్లో నీరు, కాళ్ళవాపు, రక్తపోటు వరసగా వస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే రోజుకు 5 గ్రాముల లోపు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పోనీ, 'సోడియం తక్కువ' ఉప్పు వేద్దామంటే అందులో సాధారణంగా పొటాషియం ఉంటుంది. ఈ రోగులకు అది గుండెకే ముప్పు తేవచ్చు.

అయితే మాత్రం, మేలు కోసమని పెద్దమనిషిని పసివాణ్ణి చేసి మభ్యపెట్టవచ్చా? అలాగని అడిగిందల్లా పెట్టేసి, "ఆయన ఇష్టం" అని చేతులు దులుపుకోవడం మాత్రం ప్రేమవుతుందా?

డబ్బా దించాను. ఉన్నదున్నట్టు చెప్పాను. బాపు ఒక సకినం విరిచి, చిన్న ముక్క నోట్లో వేసుకుని, మిగతాది నా చేతిలో పెట్టాడు.

"వచ్చే యేడు నా పిండిల ఉప్పెయ్యకు. కానీ చెయ్యలేదని మాత్రం చెప్పకు."

ఉప్పు మానవలసింది ఆయన. అబద్ధం మానవలసింది నేను. ఏది కష్టమో మీరే చెప్పండి!