గోడమీది మాట, గట్టుమీది మాట



ఏటేట అక్టోబరు 2 నుండి 8 వరకు మన దేశమందు వన్యప్రాణి వారోత్సవములు జరుగును. ఆ దినములలో బడిపిల్లలు నెమలిని, జింకను, పులిని చిత్రించి, వాటిని కాపాడుడని వ్రాయుదురు. అట్టి గోడపత్రికలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బస్టాండ్లలో నలుగురి కంట పడుట మంచిదే. అయినను గోడపత్రిక మనుష్యుని మార్చగలదా?

గోడపత్రికను తేలికగా చూడరాదు. పరుగెత్తువాడును చదువగలుగునట్లు దర్శనమును పలకలమీద స్పష్టముగా వ్రాయవలెనని ప్రభువు ప్రవక్తకు సెలవిచ్చెను (హబక్కూకు 2:2). పూర్వము సువార్తికులు చిత్రపటములు చూపియే అక్షరమెరుగని మన పెద్దలకు సువార్త బోధించిరి. బొమ్మ చేయు మేలును మనమెరుగుదుము.

అయితే ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములోని వరుసను గమనింపుడి. దేవుని మాట మొదట హృదయములో నుండవలెను; ద్వారబంధముమీద వ్రాయుట ఆ తరువాతనే. హృదయములో లేని మాట గోడమీద ఎంత పెద్ద అక్షరములతోనున్నను వానకు తడిసి రాలిపోవును.

నెమలి 1963 నుండి మన జాతీయ పక్షి. పాలపిట్ట మన తెలంగాణ రాష్ట్ర పక్షి. వీటి బొమ్మను ఎవరైనను ముచ్చటగా వేయుదురు. అడవిపంది బొమ్మ వేయువారెవరు? రాయికల్, సారంగాపూర్, రుద్రంగి, వీర్నపల్లి వైపు అడవి అంచున మక్కజొన్న వేసిన రైతుకు అసలు శోధన అదే. ఒక్క రాత్రిలో చేను నేలపాలగును. ఆ దుఃఖము లేఖనమునకు తెలియనిది కాదు. ద్రాక్షవల్లిని పాడుచేయు అడవిపందిని కీర్తనకారుడు సహితము తలంచెను (80:13). ఆ బాధలో కొందరు గట్టున కరెంటు తీగ కట్టుదురు. ఆ తీగకు పంది యని, జింక యని, పొరుగువాడని భేదము లేదు. తెల్లవారుజామున నీళ్లు పెట్టబోయిన మనుష్యులును దానిచేత మరణించుచున్నారు. గోదావరి ఆవల పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో పులులు సహితము అట్లు చచ్చినవి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించుచున్నది. అంతకు ఎంతో ముందే, గోతిని త్రవ్వి కప్పక విడిచినవాడు అందులో పడిన పశువు నిమిత్తము ఉత్తరవాదియని ధర్మశాస్త్రము చెప్పెను (నిర్గమకాండము 21:33, 34). కరెంటు తీగ నేటి గోయి కాదా? గూటిలోని తల్లిపక్షిని పోనిమ్మని చెప్పిన దేవుడు (ద్వితీయోపదేశకాండము 22:6, 7) మన గట్టుమీద జరుగు దానిని చూడకుండునా?

ఇచ్చట మన సంఘములు తమ్మును తాము పరీక్షించుకొనవలెను. గోడపత్రిక చదువు మనకు ఖర్చు లేదు. ఆ మాటకు లోబడు రైతుకు పంటయే ఖర్చు. అడవిని కాపాడు భారమంతయు అంచునున్న పేదవానిమీద మోపి, మనము బొమ్మను మెచ్చుకొనుట న్యాయమా? ఒకని భారము మరియొకడు భరించుటయే క్రీస్తు నియమము (గలతీయులకు 6:2). కావున పంట కాపు కాలమందు యౌవనస్థులు వంతులవారీగా మంచె కావలికి పోవుదురు గాక. పంట పోయినవాడు అటవీ శాఖకు అర్జీ పెట్టి పరిహారము పొందునట్లు చదువు వచ్చినవారు తోడుపడుదురు గాక. మన గోడపత్రికలో నెమలి ప్రక్కన ఈ సంగతియు వ్రాయుదము.

మీరే మనుష్యులందరు చదువు పత్రికయని అపొస్తలుడు కొరింథీయులతో చెప్పెను (2 కొరింథీ 3:2). తీగ లేని గట్టును, తోడున్న రైతును చూచి మన ఊరివారు ఆ పత్రికను చదువుదురు. ప్రభువు మనకట్టి కృప దయచేయును గాక. ఆమేన్.